బాస్ యాంప్లిఫైయర్‌కు స్పీకర్ మార్చితే నాదం మారుతుందా? ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలు

కోసాడ్ (సూరత్): వినాయక చవితి మొదలుకొని నవరాత్రులు ముగిసే వరకు సూరత్‌లో వాద్య బృందాలకు తీరిక దొరకదు. తాపీ నదికి ఉత్తరాన, అమ్రోలీని ఆనుకొని ఉన్న కోసాడ్‌లోనూ అదే పరిస్థితి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. గణపతి మండపం వద్దనైనా, బతుకమ్మ ఆట వద్దనైనా, గర్బా వేదికపైనైనా పాటకు అడుగున నిలిచి లయను మోసేది బాస్ గిటారే. ఆ బాస్ సరిగా వినిపించకపోతే మిగిలిన వాద్యాలన్నీ గాలిలో తేలుతున్నట్లు అనిపిస్తుంది.

చిన్న బృందాల్లో బాస్ వాయించేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. యాంప్లిఫైయర్ చక్కగా పనిచేస్తుంది, కాని దాని నాదం నచ్చదు. ధ్వని బోలుగా ఉందనో, గుమ్‌మని ముసురుకొంటోందనో, వేలి దెబ్బ స్పష్టంగా వినబడడం లేదనో అసంతృప్తి. కొత్త యాంప్లిఫైయర్ కొనే స్తోమత లేనప్పుడు, లోపలి స్పీకర్ ఒక్కటి మార్చితే సరిపోతుందన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఆ ఆలోచనలో సగం నిజం ఉంది. స్పీకర్ మారితే నాదం తప్పక మారుతుంది. అయితే అది కోరుకున్న వైపే మారుతుందన్న హామీ లేదు. స్పీకరు, అది బిగించి ఉన్న పెట్టె, దానిని నడిపే యాంప్లిఫైయర్ అనే మూడూ కలిసి ఒకే వాద్యంగా ప్రవర్తిస్తాయి. మిగిలిన రెండింటితో పొసగని స్పీకరును తెచ్చి బిగిస్తే పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. కొన్ని సందర్భాలలో యాంప్లిఫైయర్ కూడా పాడవుతుంది. కొనే ముందు ఏయే అంశాలను పరిశీలించాలో ఈ కథనం వివరిస్తుంది.

నాదం అంటే ఏమిటి?

ధ్వనికి మూడు లక్షణాలు ఉంటాయి. స్వరం ఎంత హెచ్చు లేదా ఎంత మంద్రం అన్నది శ్రుతి. ఎంత బలంగా వినిపిస్తుందన్నది తీవ్రత. ఒకే శ్రుతిలో, ఒకే తీవ్రతతో పలికినా వీణకూ వేణువుకూ తేడా తెలిసేలా చేసేది నాదగుణం. స్పీకర్ మార్చేవారు కోరుకొనేది ఈ మూడవ దానిలో మార్పు.

నాలుగు తంత్రుల బాస్ గిటారును సాధారణ పద్ధతిలో శ్రుతి చేస్తే, వేలితో నొక్కకుండా మీటిన తంత్రులు మంద్రం నుంచి వరుసగా సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌ల పౌనఃపున్యంతో పలుకుతాయి. ఐదు తంత్రుల వాద్యంలో అదనపు మంద్ర తంత్రి సుమారు 31 హెర్ట్జ్‌ వద్ద ఉంటుంది. అయితే 41 హెర్ట్జ్ తంత్రిని మీటినప్పుడు ఆ ఒక్క పౌనఃపున్యమే వెలువడదు. దాని రెట్టింపైన 82, మూడు రెట్లైన 123, ఆపై అనేక ఉపరి స్వరాలు కలిసి వస్తాయి. మూల స్వరం బలహీనంగా ఉన్నప్పటికీ ఈ ఉపరి స్వరాల అమరికను బట్టి మన శ్రవణేంద్రియం మూల శ్రుతిని తానే పూరించుకొంటుంది. చిన్న రేడియోలో కూడా బాస్ శ్రుతిని గుర్తుపట్టగలగడానికి కారణం ఇదే.

ఇందులో ఒక ముఖ్యమైన విషయం ఇమిడి ఉంది. ‘బాస్ బాగుంది’ అని శ్రోతలు మెచ్చుకొనే గుణం అన్నింటికంటే అడుగున ఉన్న పౌనఃపున్యాల నుంచి మాత్రమే రాదు. 80 నుంచి 250 హెర్ట్జ్‌ల మధ్య నిండుదనం, 700 హెర్ట్జ్‌ల నుంచి 2 కిలోహెర్ట్జ్‌ల వరకు వేలి దెబ్బలోని స్పష్టత, ఆ పైన తంత్రి లోహపు మెరుపు ఉంటాయి. 1989లో విడుదలైన ‘గీతాంజలి’ వంటి చిత్రాలలో ఇళయరాజా బాస్ గిటారుకు పాట వెంట నడిచే మరో గానం వంటి పాత్రను ఇచ్చారు. అటువంటి వరుస ప్రతి మలుపులోనూ స్పష్టంగా వినిపించాలంటే మధ్యస్థ పౌనఃపున్యాలు తేటగా ఉండాలి. అందువల్ల స్పీకర్ మార్చదలచినవారు ముందుగా తమకు లోపించినది ఏమిటో నిర్ధారించుకోవాలి. కావలసింది లోతా, నిండుదనమా, స్పష్టతా, లేక కేవలం బిగ్గరదనమా? నాలుగింటికీ పరిష్కారాలు వేరు.

స్పీకర్ లోపల జరిగేది

నేడు వాడుకలో ఉన్న స్పీకర్ల మూల నమూనాను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ప్రకటించారు. అయస్కాంత క్షేత్రంలో వేలాడే తీగ చుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. ఈ చుట్టనే మరమ్మతు దుకాణాలలో ‘కాయిల్’ అంటారు. దానికి అతికిన కాగితపు కోన్ గాలిని కదిలించి ధ్వనిని పుట్టిస్తుంది. కోన్ అంచున ఉండే మెత్తని వలయమూ, కాయిల్‌ను మధ్యలో నిలిపి ఉంచే మడతల గుడ్డా కలిసి స్ప్రింగ్ మాదిరిగా పనిచేస్తాయి.

బరువూ స్ప్రింగూ ఉన్న ప్రతి వస్తువుకూ తనదైన సహజ కంపన వేగం ఉంటుంది. స్పీకర్‌కు సంబంధించి దీనిని అనునాద పౌనఃపున్యం అంటారు. కోన్ బరువు పెరిగినకొద్దీ, స్ప్రింగ్ మెత్తబడినకొద్దీ అది దిగువకు జారుతుంది. మృదంగ విద్వాంసులకు ఇది కొత్త విషయం కాదు. మృదంగం ఎడమ ముఖమైన తొప్పికి కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్దను అద్దడం ద్వారా ఆ చర్మం బరువును పెంచి, ధ్వనిని మంద్రంగా, గంభీరంగా మార్చుతారు. బరువైన కోన్ ఉన్న స్పీకరులో జరిగేదీ అదే.

ఆ గాంభీర్యానికి మూల్యం కూడా ఉంది. బరువైన కోన్‌ను కదిలించడానికి ఎక్కువ శక్తి కావాలి కాబట్టి అదే వాట్ల వద్ద ధ్వని తగ్గుతుంది. తేలికైన కోన్ త్వరగా స్పందిస్తుంది, బిగ్గరగా పలుకుతుంది, కాని అంత లోతుకు దిగలేదు. లోతు, బిగ్గరదనం, చిన్న పెట్టె అనే మూడూ ఒకేసారి లభించవు. ఏ రెండింటిని ఎంచుకొన్నా మూడవ దానిని కొంత వదులుకోవలసి ఉంటుంది. ఇది ఏ కంపెనీకీ సంబంధించిన లోపం కాదు, భౌతిక శాస్త్ర నియమం.

మధ్యస్థ, హెచ్చు స్వరాల వద్ద పరిస్థితి వేరు. అక్కడ కోన్ మొత్తం ఒకే పలకలా కదలదు. దానిలోని భాగాలు వేర్వేరుగా వంగుతూ కంపిస్తాయి. కాగితం మందం, కోన్ వాలు, మధ్యలోని మూత ఆకారం, అంచు పదార్థం ఈ ప్రాంతంలో నాదగుణాన్ని నిర్ణయిస్తాయి. రెండు స్పీకర్లు ఒకే కొలతలో, ఒకే వాట్లలో ఉన్నప్పటికీ ఒకటి ‘వెచ్చగా’, మరొకటి ‘గరుకుగా’ వినిపించడానికి ప్రధాన కారణం ఇదే.

అయస్కాంతం విషయంలో అపోహలు ఎక్కువ. 1980ల మొదటి అర్ధభాగంలో ఆవిష్కృతమైన నియోడిమియం అయస్కాంతాలు అదే బలాన్ని చాలా తక్కువ బరువులో అందిస్తాయి. మోసుకొని తిరిగే బృందాలకు ఇది గొప్ప సౌకర్యం. అయితే నాదం నిర్ణయమయ్యేది అయస్కాంతపు పేరును బట్టి కాదు. కాయిల్ ఉన్న సందులో ఆ క్షేత్రం ఎంత బలంగా ఉంది, కోన్ ఎటువంటిది అన్నవే ముఖ్యం.

చరిత్ర చెప్పే పాఠం

స్పీకర్ ప్రభావం ఎంతటిదో గిటార్ యాంప్లిఫైయర్ల చరిత్రే చూపిస్తుంది. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్‌ను మార్కెట్లోకి తెచ్చారు. దానికి తోడుగా 1952లో వచ్చిన బాస్‌మన్ యాంప్లిఫైయర్‌లో 15 అంగుళాల స్పీకర్ ఒకటి ఉండేది. 1950ల మధ్య నాటికి దాని స్థానంలో వెనుక వైపు తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు వచ్చాయి. పేరు బాస్‌మన్ అయినప్పటికీ లీడ్ గిటార్ వాద్యకారులు దానిని అమితంగా ఇష్టపడ్డారు.

1960ల ఆరంభంలో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో రూపొందిన తొలి మార్షల్ యాంప్లిఫైయర్ ఆ బాస్‌మన్ సర్క్యూట్‌నే చాలా వరకు అనుసరించింది. కాని దానిని మూసిన పెట్టెలోని నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లతో జతపరచారు. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లలో కూడా తేడాలున్నాయి గాని, స్పీకర్లూ పెట్టే మారడం వల్ల నాదంలో వచ్చిన మార్పు అందరికీ వినిపించింది. దాదాపు ఒకే సర్క్యూట్ నుంచి రెండు భిన్న సంప్రదాయాలు పుట్టాయి.

బాస్ రంగంలో ఆంపెగ్ సంస్థ ఇచ్చిన రెండు నమూనాలు ఇదే విషయాన్ని మరో విధంగా చెబుతాయి. 1960లో వచ్చిన పోర్టాఫ్లెక్స్ బి-15లో 15 అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉండేది. మోటౌన్ రికార్డుల బాస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ పేరుతో ముడిపడిన గుండ్రని, మెత్తని నాదం దానిది. 1969లో వచ్చిన 300 వాట్ల ఎస్‌విటి పెద్ద వేదికల కోసం తయారైంది. దానికి జతగా ఉండే పెట్టెలో 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి. పెద్ద కోన్ ఉంటేనే బాస్ పలుకుతుందన్న నమ్మకం సరికాదని ఆ పెట్టె నిరూపించింది. ఎనిమిది చిన్న కోన్‌ల మొత్తం వైశాల్యం ఒక్క పెద్ద కోన్ కంటే ఎంతో ఎక్కువ.

పెట్టెను మరచిపోతే

స్పీకర్ మార్పిడిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది పెట్టె. మూసిన పెట్టెలోని గాలి కూడా ఒక స్ప్రింగే. కోన్ వెనుకకు కదిలినప్పుడు ఆ గాలి నొక్కుకొని తిరిగి నెడుతుంది. పెట్టె చిన్నదైనకొద్దీ ఆ స్ప్రింగ్ బిగుసుకొంటుంది, అనునాద పౌనఃపున్యం పైకి జరుగుతుంది.

ఏ స్పీకర్ ఏ పెట్టెలో ఎలా ప్రవర్తిస్తుందో ముందుగానే లెక్కకట్టే విధానాన్ని ఆస్ట్రేలియాలో నెవిల్ థీలే 1961లో వివరించారు. రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దానిని విస్తరించారు. నేడు పేరున్న తయారీదారులు తమ స్పీకర్ల వివరపత్రంలో ఇచ్చే ‘థీలే-స్మాల్’ అంకెలు ఇవే. వాటిలో సామాన్య కొనుగోలుదారుకు మూడు చాలు. మొదటిది ఎఫ్‌ఎస్, అనగా పెట్టె లేకుండా స్పీకర్‌కు ఉండే అనునాద పౌనఃపున్యం. రెండవది క్యూటీఎస్. ఇది ఆ అనునాదం ఎంత త్వరగా అణగిపోతుందో తెలిపే అంకె. మూడవది విఏఎస్. ఇది స్పీకర్ స్ప్రింగ్ ఎంత మెత్తనిదో గాలి పరిమాణం రూపంలో లీటర్లలో తెలుపుతుంది.

ఒక లెక్క చూద్దాం. మూసిన పెట్టె లోపలి పరిమాణం 50 లీటర్లు అనుకొందాం. రెండు స్పీకర్లకూ ఎఫ్‌ఎస్ 40 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.40. తేడా విఏఎస్‌లో మాత్రమే ఉంది. మొదటి దానికి 100 లీటర్లు, రెండవ దానికి 300 లీటర్లు. విఏఎస్‌ను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయాలి. మొదటి దానికి ఆ గుణకం 1.73, రెండవ దానికి 2.65 వస్తుంది. ఎఫ్‌ఎస్‌ను, క్యూటీఎస్‌ను ఈ గుణకంతో హెచ్చవేస్తే పెట్టెలో బిగించిన తరువాతి విలువలు తెలుస్తాయి. మొదటి స్పీకర్ అనునాదం 69 హెర్ట్జ్‌ల వద్ద, 0.69 విలువతో నిలుస్తుంది. ఎగుడుదిగుడులు లేని సమమైన స్పందనకు ప్రమాణం 0.71 కాబట్టి ఇది చక్కని ఫలితం. రెండవది 106 హెర్ట్జ్‌లకు, 1.06 విలువకు చేరుతుంది. దాని స్పందనలో 140 హెర్ట్జ్‌ల పరిసరాల్లో సుమారు ఒకటిన్నర డెసిబెళ్ల ఉబ్బు కనిపిస్తుంది.

ఇక మంద్ర తంత్రి పలికే 41 హెర్ట్జ్‌ల వద్ద, తమ తమ మధ్యస్థ స్వరాలతో పోల్చితే మొదటి స్పీకర్ సుమారు 10 డెసిబెళ్లు, రెండవది సుమారు 16 డెసిబెళ్లు దిగువన ఉంటాయి. అనగా వివరపత్రంలో ఎఫ్‌ఎస్ సమానంగా ఉన్నప్పటికీ ఈ చిన్న పెట్టెలో రెండవ స్పీకర్ లోతు కోల్పోయి, గుమ్మరింపు పెంచుతుంది. అదే స్పీకర్‌ను తగినంత పెద్ద పెట్టెలో ఉంచితే ఈ లోపం కనిపించదు. స్పీకర్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు పెట్టె ప్రస్తావన లేకుండా సమాధానం ఉండదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ముందు భాగాన గొట్టం లేదా చీలిక వంటి రంధ్రం ఉన్న పెట్టెలకు మరో జాగ్రత్త అవసరం. ఆ రంధ్రం ఒక నిర్దిష్ట పౌనఃపున్యానికి కుదిర్చి ఉంటుంది. దానికి దిగువన గాలి స్ప్రింగ్ కోన్‌ను అదుపు చేయదు, కోన్ అదుపు తప్పి ఊగుతుంది. పాత స్పీకర్‌కు కుదిర్చిన రంధ్రం కొత్త స్పీకర్‌కు సరిపడకపోతే ఒక స్వరం విపరీతంగా మోగుతుంది, పక్క స్వరం మూగబోతుంది. పెట్టె లోపలి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి హెచ్చవేసి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. దుకాణానికి వెళ్లే ముందు ఈ ఒక్క అంకె చేతిలో ఉండడం మంచిది.

ఓమ్‌ల విషయంలో పొరపాటు తగదు

నాదం ఎంపిక అభిరుచికి సంబంధించినది. అవరోధం మాత్రం భద్రతకు సంబంధించినది. స్పీకర్ వెనుక 4, 8 లేదా 16 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లకు తయారీదారు సూచించిన కనిష్ఠ అవరోధం కంటే తక్కువ ఉన్న స్పీకర్‌ను తగిలించరాదు. తగిలిస్తే అధిక విద్యుత్తు ప్రవహించి ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోవచ్చు. ఎక్కువ అవరోధం వల్ల ప్రమాదం లేదు, శక్తి మాత్రం తగ్గుతుంది. 4 ఓమ్‌ల వద్ద 100 వాట్లు ఇచ్చే యాంప్లిఫైయర్ 8 ఓమ్‌ల వద్ద సాధారణంగా 50 నుంచి 60 వాట్లు ఇస్తుంది.

వాల్వు యాంప్లిఫైయర్ల నియమం వేరు. వాటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సూచించిన అవరోధాన్నే జతచేయాలి. స్పీకర్ తగిలించకుండా వాటిని ఆన్ చేసి వాయించడం ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రాణాంతకం. పైగా వాటి లోపల వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ప్లగ్ తీసిన తరువాత కూడా అది కెపాసిటర్లలో నిలిచి ఉండవచ్చు. అందువల్ల వాల్వు యాంప్లిఫైయర్ లోపలి భాగాన్ని అనుభవజ్ఞుడైన మెకానిక్ తప్ప ఇతరులు ముట్టుకోరాదు.

ఒకే పెట్టెలో రెండు స్పీకర్లుంటే అవి కలిపిన తీరును చూడాలి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, వరుసగా కలిపితే 16 ఓమ్‌లు అవుతాయి. పాత స్పీకర్ మీది ముద్ర చెరిగిపోయి ఉంటే మల్టీమీటర్‌తో నిరోధాన్ని కొలవవచ్చు. మీటరు చూపేది ఎప్పుడూ ముద్రిత అవరోధం కంటే తక్కువే ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు సుమారు 5.5 నుంచి 6.5 వరకు, 4 ఓమ్‌ల స్పీకర్‌కు సుమారు 3 నుంచి 3.5 వరకు కనిపిస్తుంది.

వాట్లు చూసి మోసపోవద్దు

దుకాణంలో మొదట కనిపించే అంకె వాట్లు. నాదం గురించి అన్నింటికంటే తక్కువ చెప్పే అంకె కూడా అదే. కాయిల్ కాలిపోకుండా ఎంత వేడిని తట్టుకోగలదన్న సంగతిని మాత్రమే అది తెలుపుతుంది. అందులోనూ నిరంతరం తట్టుకొనే ‘ఆర్‌ఎంఎస్’ విలువనే లెక్కలోకి తీసుకోవాలి. క్షణకాలపు గరిష్ఠ విలువలను పెద్ద అక్షరాలతో ముద్రించడం పరిపాటి.

బిగ్గరదనాన్ని నిర్ణయించేది సున్నితత్వం. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల ధ్వని వస్తుందో అది తెలుపుతుంది. 3 డెసిబెళ్లు పెరగాలంటే శక్తిని రెట్టింపు చేయాలి. 92 డెసిబెళ్ల స్పీకర్ స్థానంలో 98 డెసిబెళ్ల స్పీకర్ అమర్చితే, అంతకు ముందు 100 వాట్లతో వచ్చిన ధ్వని 25 వాట్లకే వస్తుంది. బిగ్గరదనమే కావలసినవారికి కొత్త యాంప్లిఫైయర్ కంటే ఇది చవకైన మార్గం.

బాస్‌కు ప్రత్యేకమైన మరో అంకె, కోన్ వక్రీకరణ లేకుండా ఎంత దూరం కదలగలదన్నది. మిల్లీమీటర్లలో ఇచ్చే దీనిని ఎక్స్‌మ్యాక్స్ అంటారు. 82 హెర్ట్జ్ స్వరానికి ఉన్న తీవ్రతనే 41 హెర్ట్జ్ వద్ద కూడా రాబట్టాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. లీడ్ గిటార్ కోసం తయారైన స్పీకర్లకు ఈ కదలిక తక్కువ. చవకగా దొరికిందని అటువంటి దానిని బాస్ పెట్టెలో బిగిస్తే, వాట్ల పరిమితి దాటకముందే కాయిల్ ఒరుసుకొని దెబ్బతినవచ్చు. దీనికి భిన్నంగా, కార్లలో వాడే సబ్‌వూఫర్‌లో కదలిక పుష్కలం. కాని బరువైన కోన్ వల్ల సున్నితత్వం తక్కువ, మధ్యస్థ స్వరాలు దాదాపు పలకవు. లోతు ఉన్నా ఏ స్వరం వాయిస్తున్నారో తెలియని ధ్వని వస్తుంది. మైకుసెట్ల వూఫర్లు కొన్ని సందర్భాలలో చక్కగా సరిపోతాయి, అయితే వాటి థీలే-స్మాల్ అంకెలు పెట్టెకు కుదిరాయో లేదో చూడాలి.

కాయిల్ మార్పించిన పాత స్పీకర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మరమ్మతులో వేరే బరువున్న కోన్ లేదా వేరే మందపు తీగ వాడితే అది పేరుకు మాత్రమే పాత స్పీకర్. దాని అంకెలు మారిపోయి ఉంటాయి.

మార్చే ముందు చేయవలసిన పరీక్షలు

నాదం చెడడానికి స్పీకరే కారణమని నిర్ధారించుకోకుండా ఖర్చు పెట్టడం తగదు. స్పీకర్ స్క్రూలు వదులైనా, పెట్టె అతుకులు ఊడినా, ముందు జాలీ కదులుతున్నా గరగర శబ్దం వస్తుంది. పాతబడిన తంత్రులు స్పష్టతను హరిస్తాయి. యాంప్లిఫైయర్‌ను గోడ మూలకు ఆనించి ఉంచితే మంద్ర స్వరాలు ఉబ్బుతాయి, గోడకు దూరంగా జరిపితే తగ్గుతాయి. టోన్ మీటలలో బాస్‌ను కొంత తగ్గించి మధ్యస్థాన్ని కొంత పెంచితే చాలా సందర్భాలలో సమస్య తీరుతుంది. వీటిలో తంత్రులకు తప్ప మరి దేనికీ రూపాయి ఖర్చు లేదు. వీలైతే అదే యాంప్లిఫైయర్‌ను, అవరోధం సరిపోయిన మరొకరి పెట్టెకు కలిపి వినడం ఉత్తమమైన పరీక్ష. అక్కడ కూడా నాదం నచ్చకపోతే లోపం స్పీకర్‌ది కాదు.

మార్పిడి విధానం

స్పీకర్ మార్చాలని నిశ్చయించుకొన్న తరువాత పని కష్టమైనది కాదు. ముందుగా ప్లగ్ తీసివేయాలి. తీగలు ఏ కొసకు ఏది కలిసి ఉందో ఫొటో తీసుకోవాలి. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి స్క్రూలు విప్పితే బరువైన స్పీకర్ జారిపడే ప్రమాదం ఉండదు. పాతదాని వెలుపలి వ్యాసం, రంధ్రపు వ్యాసం, స్క్రూల మధ్య దూరం, లోతు కొత్తదానితో సరిచూడాలి. 12 అంగుళాల స్పీకర్లన్నింటికీ ఇవి ఒకే విధంగా ఉండవు.

కొత్త స్పీకర్ అంచుకూ చెక్కకూ మధ్య మెత్తని పట్టీ ఉండాలి. గాలి సన్నగా కారినా మూసిన పెట్టె తన గుణాన్ని కోల్పోతుంది. స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి వరుసగా కాక, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించాలి. అతిగా బిగిస్తే లోహపు చట్రం వంగి కాయిల్ ఒరుసుకొంటుంది.

రెండు స్పీకర్లుంటే ధన, రుణ కొసల క్రమం తప్పనిసరిగా ఒకటిగా ఉండాలి. 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించినప్పుడు, బ్యాటరీ ధన కొస స్పీకర్ ధన కొసకు కలిస్తే కోన్ సాధారణంగా ముందుకు వస్తుంది. ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు కదిలితే రెండూ ఒకదాని మంద్ర స్వరాలను మరొకటి రద్దు చేస్తాయి. స్పీకర్ మార్చాక బాస్ మాయమైందన్న ఫిర్యాదుకు మొదట చూడవలసిన కారణం ఇదే. కొత్త స్పీకర్ అంచు కొన్ని గంటల వాడకంతో కొంత మెత్తబడుతుంది. అయితే మొదటి రోజు అసలే నచ్చని నాదం తరువాత పూర్తిగా మారుతుందని ఆశించరాదు.

పోలికలో పక్షపాతం

పాత, కొత్త స్పీకర్లను పోల్చేటప్పుడు తీవ్రతను సమానంగా ఉంచడం అత్యవసరం. మన చెవి తక్కువ తీవ్రత వద్ద మంద్ర స్వరాలను తక్కువగా, ఎక్కువ తీవ్రత వద్ద నిండుగా గ్రహిస్తుందని 1933లో హార్వీ ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ కొలిచి చూపారు. అందువల్ల రెండు స్పీకర్లలో బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా తోస్తుంది. కొత్త స్పీకర్ సున్నితత్వం ఎక్కువైతే మీట తగ్గించి, రెండింటినీ ఒకే తీవ్రతకు తెచ్చి, బృందంతో కలిపి వాయించి నిర్ణయించాలి. గదిలో ఒంటరిగా గంభీరంగా వినిపించిన నాదం డోలు, తాషాల మధ్య కరిగిపోవచ్చు. ఒంటరిగా గరుకుగా తోచినదే బృందంలో స్పష్టంగా నిలబడవచ్చు.

పొరుగువారి చెవి, సొంత చెవి

స్పీకర్ సున్నితత్వం పెరిగితే అదే మీట వద్ద ధ్వని పెరుగుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్ల వినియోగం నిషిద్ధం. పండుగల సందర్భంగా ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. నగరపాలక సంస్థ నిర్మించిన కోసాడ్ ఆవాస్ వంటి, ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండే గృహ సముదాయాలలో మంద్ర స్వరాలు గోడలను సులువుగా దాటుతాయి. అక్కడ సాధన చేసేవారికి పెద్ద స్పీకర్ కంటే హెడ్‌ఫోన్ ఎక్కువ ఉపయోగకరం.

సొంత చెవి సంగతి అంతకన్నా ముఖ్యం. 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి గడపరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల సూచన. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. 100 డెసిబెళ్ల వద్ద అది పావుగంట మాత్రమే. వేదికపై మూడు గంటలు నిలిచే వాద్యకారుడికి కొత్త స్పీకర్‌తో పాటు చెవి రక్షణ సాధనాలు కూడా అవసరమే. కోల్పోయిన వినికిడిని ఏ స్పీకరూ తిరిగి ఇవ్వలేదు.

మొత్తం మీద నిర్ణయ క్రమం ఇలా ఉండాలి. ముందుగా లోపించినది ఏమిటో గుర్తించాలి. ఖర్చు లేని పరీక్షలు చేయాలి. ఆపై ఓమ్‌లు, పెట్టె లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్, సున్నితత్వం వరుసగా సరిచూడాలి. వాట్లు చివరన చూడాలి. ఈ నాలుగు అంకెలలో ఏ ఒక్కటి తెలియని స్పీకర్‌ను కూడా, ధర ఎంత తక్కువైనా, కొనకపోవడమే లాభం.